నున్నటి చెక్క మీద బదనిక

ఉదయగిరిలో వరదమ్మ చెక్కిన గరిటె చేతిలోకి తీసుకుంటే ఎక్కడ జారిపోతుందోనని భయం వేస్తుంది. అంత నునుపు. ఉప్పు కాగితంతో రుద్దీ రుద్దీ, చివర నూనె పట్టించి, చెంపకు ఆనించి చూసుకుంటుంది. చిన్న గరుకు తగిలిందా, పని మళ్లీ మొదటికి. ఈ నునుపు పిచ్చి చెక్కలతో ఆగితే బాగుండేది. గొర్రెలు కాసే మొగుడు పెంచలయ్యను కూడా గడ్డం గరుకు, కాళ్లు గరుకు, మాట గరుకు అని పెళ్లయిన నాటి నుంచీ సాధిస్తూనే ఉంది. వాళ్ల పక్కిల్లే మాది, అంతా వినబడుతుంది. ఆయనా తక్కువవాడేం కాదు. ఊళ్లోవాళ్లంతా మెచ్చుకునే ఆ గరిటెల్ని ఒక్కసారైనా బాగున్నాయన్న పాపాన పోలేదు.

ఆ మనిషి ముద్దు చేసేది ఒక్క మొక్కనే. గాలివానకు కొండ మీద విరిగిపడిన కొమ్మతో సహా తెచ్చి వసారా దూలానికి వేలాడదీసిన బదనిక అది. దానికి మట్టి లేదు, కుండ లేదు. లావుపాటి తెల్లటి వేళ్లతో కొమ్మను కరుచుకుని గాలిలోనే బతుకుతుంది. వేసవిలో గోధుమరంగు మచ్చల పూలు పూస్తుంది. పెంచలయ్య పొద్దున్నే దాని మీద చెంబుతో నీళ్లు చిలకరిస్తాడు.

ఈ ఏడు వరికోతలయ్యాక మందను తూర్పు పొలాలకు తోలుకుపోతూ, "దాన్ని చూసుకోయే. నేనొచ్చేసరికి పూసుంటాది" అన్నాడు. పెళ్లానికి ఆయన నోరు తెరిచి ఒకటి అప్పగించడం అదే మొదలు.

ఆయన అటు పోగానే ఇటు కొమ్మకు చెదలు పట్టింది. చెక్క సంగతి వరదమ్మకు ఒకరు చెప్పాలా! గరిటెలు చెక్కే నర్ది చెట్టు కట్టె మంచిది ఎంచుకుని, బెరడంతా తీసేసి, తన గరిటెలకే అసూయ పుట్టేంత నునుపు తెచ్చింది. మొక్క ఆ కట్టెలోంచే తింటుందనుకుని, ఎండిన కట్టెలో పాపం ఏముంటుందని, రెండింతలు నూనె పట్టించింది. పాత కొమ్మ నుంచి వేళ్లు మెల్లగా విడదీసి కొత్తదానికి నూలుతాడుతో కట్టింది. చెక్క నిగనిగలాడింది. మొక్క మాత్రం వాడిపోతూ వచ్చింది.

ఆకులు ముడతలు పడ్డాయి. నీళ్లు చల్లితే నూనె మీద నిలవక నేలపాలయ్యాయి. వేళ్లు చెక్కను వదిలేసి పైకి లేచాయి. ఎదురింటి ఓబమ్మ వచ్చి, "బదనికంటే చెట్టు పసరు తాగి బతికేది గదా. చచ్చిన కట్టెకు కడితే ఏం తాగుతాది? పచ్చి చెట్టుకు కట్టు" అంది. ఆత్మకూరు నర్సరీలో పనిచేసే శ్వేతకు ఫోను చేస్తే ఇంకో మాట చెప్పింది.

"అది చెట్టును తినేది కాదు పెద్దమ్మా, పట్టుకుంటాదంతే. గాలీ తేమా చాలు దానికి. గరుకుగా ఉండే కట్టెకు కట్టు. నూనె మాత్రం వద్దు."

తిననిది ఎందుకు పట్టుకుంటుంది? నునుపు ఎవరికైనా చెడ్డదెలా అవుతుంది? వరదమ్మకు అంతా అయోమయమైపోయింది. నన్నడిగితే నేనూ తల గోక్కున్నాను. నూనె తుడిచింది, మనసొప్పక మళ్లీ రాసింది, మళ్లీ తుడిచింది. "ఆయనొస్తే ఏం చెప్పాల?" అని ఏడ్చింది కూడా. ఆ గట్టి గొంతు మనిషి ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి.

ఆమె ఎటూ తేల్చుకోకముందే పెంచలయ్య దిగాడు. ఇక ఇల్లు ఎగిరిపోతుందని నేను గోడ దగ్గరికి వచ్చి నిలబడ్డాను. ఆయన ముడతల ఆకుల్ని చూశాడు. కట్టు సరిచేద్దామని చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి చెక్క మీదే ఉండిపోయింది. ఆ చివర నుంచి ఈ చివరకు నిమిరాడు.

"ఇంత బాగా చెక్కతావా నువ్వు?" అన్నాడు.

"మొక్క చస్తాండాది చూడయ్యా. గరుకుండాలంట. గాట్లు పెట్టాల దీనికి" అంది వరదమ్మ.

"ఇంత నున్నటిదాన్ని పాడు చేస్తావా? వద్దులే. మొక్క పోతే పోనీ."

ఇన్నేళ్లూ ఆమె రుద్దింది ఈ మాట కోసమేనేమో. అది విన్నాక కూడా ఉలి తీసింది. "కదలకుండా పట్టుకో" అంది. ఆయన వద్దు వద్దంటూనే పట్టుకున్నాడు. అడ్డంగా, నిలువుగా లోతుగా గాట్లు పెడుతూ కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే ఉంది. మొక్క బతుకుతుందని సంతోషించాలో, చెక్క పాడైందని బాధపడాలో పెంచలయ్యకు తెలియలేదు.

"ఆ మూలన్నా వదిలెయ్యే" అని బతిమాలాడు.

అరచేతి మేర వదిలేసింది.

ఇప్పుడు ఒక వేరు గాటులోకి దూరింది. మిగతావి ఏం చేస్తాయో ఇంకా తెలియదు. పెంచలయ్య మాత్రం రోజూ నీళ్లు చల్లాక, ఆ నున్నటి మూల మీద పడిన తడిని తన తువ్వాలుతో జాగ్రత్తగా తుడుస్తాడు.