సైన్సు సారు కళ్లు

పోయిన వారం ఒకరోజు పొద్దున ఏడింటికి సైన్సు సారు భార్య ఫోన్ చేసింది. "మీ సారు పోయినాడప్పా. కాఫీ తీసుకోని పోతే పలకలేదు," అంది. కణేకల్ దగ్గర మా హైస్కూల్లో ఇరవై ఏళ్లు పిల్లలకు కన్ను బొమ్మ గీసి పాఠం చెప్పిన మనిషి ఆయన. నేను లెక్కల టీచర్ని. నా గది ఆయన గది పక్కనే కాబట్టి ఆ పాఠం గోడ ఇవతల నుంచి నేనూ ఇరవైసార్లు విన్నాను.

"కంటికి ముందర అద్దం, వెనక తెర. ఆ తెర మన చేను లాంటిదిరా. రక్తనాళాలు నీళ్ల పైపులు. సుగర్ ఎక్కువైతే పైపులు కారతాయి, మూసుకపోతాయి. అప్పుడు కొత్తవి మొలుస్తాయి, అవీ పగలతాయి." ఇదీ ఆయన వరస. నాకూ ఆయనకూ ఇద్దరికీ సుగరే. స్టాఫ్‌రూంలో ఎవరైనా లడ్డు పంచితే నా చేతిలోది లాక్కుని కిటికీలోంచి పారేసేవారు. "చస్తే చావు. గుడ్డోడివై మాత్రం బతకొద్దు," అని తిట్టేవారు. ఆయన నోరు అంత మంచిది.

ఏడాదికొకసారి అనంతపురం నుంచి కంటి డాక్టర్లను స్కూలుకు రప్పించేవారు. ఊళ్లో సుగరున్న వాళ్లందరినీ ఇళ్లకెళ్లి లాక్కొచ్చేవారు. "కనపడతాందని ఊరుకోవద్దు. తెలిసేలోపల కత అయిపోతాది," అని ఒకటే పోరు. తాను మాత్రం చూపించుకునేవారు కాదు. ఒక ఏడాది నేను ఆలస్యంగా వెళ్లాను. డాక్టర్లు జీపెక్కే తొందరలో ఉన్నారు. ఇంకొక్కరినే చూస్తామన్నారు. మిగిలింది మేమిద్దరమే.

"మీరు కూర్చోండి సార్," అన్నాను.

"వడ్డించేటోడు పంక్తిలో కూర్చుంటాడా? నువ్వు కూర్చో. నాకు బానే కనపడతాంది."

నేను కూర్చున్నాను. నా కంటి వెనక నాళాలు కారుతున్నాయని తేలింది. వారంలోపే లేజర్ చేశారు. ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాస్తున్నది ఆ కళ్లతోనే.

మరుసటి ఏడాది క్లాసు మధ్యలో ఆయన కంట్లో నల్లటి దారాలు దిగాయి. రక్తం. తర్వాత రెండో కన్ను. లేజర్లు, ఆపరేషన్లు అన్నీ అయ్యాయి, చూపు మాత్రం రాలేదు. అయినా కొన్నాళ్లు బడికొచ్చారు. ఒకరోజు ఆయన గదిలో ముందు పీరియడ్ నేను చెప్పి, బోర్డు మీద తుడవకుండా వదిలిన లెక్క పైనే కన్ను బొమ్మ గీశారు. పిల్లలు పకపకా నవ్వారు. నేను పరుగెత్తుకెళ్లాను. "ఏమైందప్పా?" అన్నారు. ఏం లేదు సార్ అన్నాను. ఆయన నమ్మలేదు. సుద్దముక్క బల్ల మీద పెట్టి ఇంటికెళ్లిపోయారు, మళ్లీ రాలేదు.

తర్వాత రెండేళ్లకు పేపర్లో కొత్త మందు గురించి వచ్చింది. క్యాన్సర్‌కు వాడే మందును కంట్లోకి సూదితో ఎక్కిస్తున్నారని, కొత్త నాళాలు మొలవకుండా అది ఆపుతుందని. ఆయన నాచేత మూడుసార్లు చదివించుకున్నారు. "క్యాన్సర్ మందు కంటికా! ఎవనికొచ్చిందో ఈ ఆలోచన, వాని చేతులకు మొక్కాల," అని పసిపిల్లాడిలా సంబరపడ్డారు. బెంగళూరు తీసుకెళ్లాను. అక్కడి డాక్టరు లోపల చూసి, తెర రక్తమందక ఎప్పుడో చచ్చిపోయిందని, ఇప్పుడు ఏ సూదీ పనిచేయదని చెప్పాడు. తిరిగొచ్చే బస్సులో, "మందు మంచిదేప్పా. దాని పేరు రాసిపెట్టుకో, నీకు అక్కరొస్తాది," అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆయనకు కనపడదు కదా అని తుడుచుకోలేదు.

పోయిన వారం ఆ ఫోన్ రాగానే వాళ్లింటికి వెళ్లేసరికి సారు భార్య నాకోసమే కాచుకుని ఉంది. "కళ్లు ఇచ్చేయమని చెప్పినాడప్పా. ఆస్పత్రికి ఫోన్ చేయాల్నా?" అని అడిగింది.

"ఆ కళ్లు ఎవరికి పనికొస్తాయక్కా? పోయినాయన్ని కోయించేది ఎందుకు?" అన్నాను.

చదువుకున్నోడు చెప్పినాడని అందరూ తలూపారు. మధ్యాహ్నానికి గుంత తవ్వి మన్ను చేశాం.

నిన్న అనంతపురంలో నా కళ్లు చూసే డాక్టరుకు ఈ సంగతి చెప్పాను. ఆయన పరీక్ష ఆపేశాడు. "తెర కదా పాడైంది? ముందుండే అద్దం, అదే కార్నియా, బాగానే ఉండేది. దాన్ని పెట్టుంటే ఇద్దరికి చూపొచ్చేది మాస్టారూ. ఒక్క ఫోన్ చేసుంటే వచ్చి తీసుకునేవాళ్లం," అన్నాడు. అద్దం వేరు, తెర వేరు. ఇరవై ఏళ్లు గోడ ఇవతల విన్న పాఠం. ఎనిమిదో తరగతి పిల్లాడైనా చెప్పేవాడు, నేను చెప్పలేకపోయాను.

ఆ రోజు గుంతలో దించినప్పుడు సారు మొహం మీది గుడ్డ పక్కకు జరిగింది. ఒక రెప్ప సరిగా మూసుకోలేదు. ఆ సందులోంచి కన్ను తేటగా, తడిగా మెరిసింది. ఆప్తుడినని మొదటి పిడికిలి నాచేతే వేయించారు. మన్ను తిన్నగా పోయి అక్కడే పడింది.