కారం కడిగిన బొక్కలు

మా ఇంట్లో కుక్క తిండిని అందరం గోలీలు అనేవాళ్లం. గోధుమరంగులో గుండ్రంగా, ఎండిపోయి, గిన్నెలో పోస్తే గలగలమనే ఆ తిండి జగిత్యాలలో ఒకే ఒక్క దుకాణంలో దొరికేది. నేను జగిత్యాల దగ్గరి బడిలో టీచర్ని. కోరుట్ల నుంచి రోజూ బస్సులో పోయివచ్చేదాన్ని కాబట్టి సంచి మోసే పని నాదే. పక్క సీటువాళ్లు "పల్లీలా మేడం?" అని అడిగేవాళ్లు. కుక్కకని చెబితే నన్ను కింది నుంచి మీదికి ఒకసారి చూసి కిటికీ వైపు తిరిగేవాళ్లు. చూస్తే చూడనీ అనుకునేదాన్ని. ఆ గోలీలు తప్ప మా కుక్కకు ఇంకేదీ పడేది కాదు.

అది లాబ్రడార్ జాతి ఆడకుక్క. మామ చనిపోయిన ఏడాది మా ఆయన దాన్ని చిన్న కూనగా తెచ్చి, బీడీల చాట ముందు ఒక్కతే కూచున్న అత్త ఒళ్లో పెట్టాడు. "నాకెందుకురా గీ పీడ" అని ఆయన్నీ దాన్నీ కలిపి తిట్టిన అత్త, వారం తిరక్కుండానే దాన్ని "బిడ్డా" అని పిలవడం మొదలుపెట్టింది. మా వైపు బిడ్డ అంటే కూతురు. అత్తకు ఆడపిల్లలు లేరు, మాకు పిల్లలే లేరు. అందుకే ఆ పిలుపు మీద ఇంట్లో ఎవరమూ నవ్వలేదు.

అన్నం పెట్టినా రొట్టె పెట్టినా దానికి ఒళ్లంతా దద్దుర్లు లేచేవి. గోక్కుని గోక్కుని వెంట్రుకలు ఊడి పుండ్లు పడేవి. జగిత్యాలలో ఉండే పశువుల డాక్టరు చూసి, దీనికి ధాన్యమే పడదని చెప్పి ఆ గోలీలు రాసిచ్చాడు. అప్పటి నుంచి దాని ఒళ్లు మానింది, అత్త మనసు కుదుటపడింది.

ఇంతలో సమ్మె వచ్చింది. తెలంగాణ కోసం అందరం పని ఆపేశాం. బడులు, బస్సులు, ఆఫీసులు అన్నీ బంద్. నేనూ కోరుట్ల చౌరస్తాలో గొంతు బొంగురుపోయేదాకా నినాదాలిచ్చిన దాన్నే. మోటార్లు చుట్టే మా ఆయన దుకాణం కూడా మూతపడింది. కానీ గోలీల సంచి అడుగు కనబడేదాకా ఈ సమ్మె మా కుక్క గిన్నె దాకా వస్తుందని నాకు తట్టలేదు. దుకాణం ఆయనకు ఫోన్ చేస్తే "మాలు హైదరాబాద్ నుంచి రావాలె మేడం, బండ్లు యాడ నడుస్తున్నయ్?" అన్నాడు.

డాక్టరుకు ఫోన్ చేశాను. ఆయన తొందరపడకుండా, చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పాడు.

"పచ్చి కూర అలవాటు చేయున్రి. కోడి మెడలు, కార్జం, మేక బొక్కలు, అన్నీ పచ్చియే. మిగిలిన గోలీలల్ల కొంచెం కొంచెం కలుపుకుంట పోన్రి. ఒక్క మాట మాత్రం మరువొద్దు. ఉడికిన బొక్క ఎన్నడు పెట్టొద్దు. పచ్చి బొక్క నలుగుతది. ఉడికింది పెళుసయ్యి సూదుల్లెక్క ఇరిగి పేగులకు గుచ్చుకుంటది."

మా వైపు కూర అంటే మాంసం, బొక్క అంటే ఎముక. ఆ మాట ఇంట్లో అందరికీ చెప్పాను. అత్తకు ప్రత్యేకంగా చెప్పాను. ఆమె బీడీలు చుడుతూ తలూపింది. నా మాటలకు ఆమె అట్లా తలూపడం మామూలే.

అసలు ఆమె బాధ వేరే. మా దగ్గర బ్రాహ్మలకు వండని బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తే దాన్ని సాయిత్యం అంటారు. "కుక్కకు సాయిత్యమిచ్చుడు గీ ఇంట్లనే సూస్తున్న" అంది అత్త ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని. తన ఇంట్లో ఉన్న ప్రాణికి పచ్చిది వేయడమంటే దాన్ని ఇంటిది కాదని చెప్పడమే ఆమె లెక్కలో. ముద్ద ఉడికించి పెట్టనిదే ఆమెకు పెట్టినట్టు కాదు.

మొదటిరోజు నేను వేసిన కోడిమెడను కుక్క వాసన చూసి, నోట కరుచుకుని, నేరుగా పోయి అత్త ఒళ్లో పెట్టింది. అత్త కెవ్వుమంది. మా ఆయన పడిపడి నవ్వాడు. అత్త మాత్రం చీర దులుపుకుని, "నవ్వకురా, గది వండి పెట్టుమంటుంది. మీకు సమజైతలేదు" అంది. ఆ మాట ఆమె సరదాకు అనలేదు.

మెల్లగా కుక్కకు పచ్చిది రుచించింది. కరెంటు కోతల వల్ల ఫ్రిజ్‌ను నమ్మలేక రోజూ పొద్దున్నే కూర కోసేవాళ్ల దగ్గరికి నేనే పోయేదాన్ని. దాని బొచ్చు నిగనిగలాడింది, గోకుడు తగ్గింది. నాకు ఎంత సంతోషమో చెప్పలేను. ఆ రోజుల్లో టీవీ పెడితే ఎవరో ఒక పిల్లవాడు తెలంగాణ కోసం ప్రాణం తీసుకున్న వార్తే. అత్త టీవీ కట్టేసి, "ఇంకెందరిని మింగుతది గీ తెలంగాణ?" అని గోడకేసి అడిగేది. వస్తుందన్న ఆశ నాలోనూ రోజురోజుకూ అడుగంటుతోంది. నా చేతిలో బాగుపడుతున్నది ఆ కుక్క ఒక్కటే.

సమ్మె మధ్యలోనే దసరా వచ్చింది. జీతాలు లేకున్నా మా వైపు దసరా నాడు కూర లేని పొయ్యి ఉండదు. కోడికూర వండాం. కుక్కకు మాత్రం పెరట్లో పచ్చి మెడలు వేశాను. అత్త అటు చూడకుండా తల తిప్పుకుంది. సాయంత్రం నేనూ మా ఆయనా జమ్మి ఆకు పంచుకోవడానికి పోయి, తెలిసినవాళ్లనందరినీ పలకరించి వచ్చేసరికి కుక్క అత్త మంచం పక్కన కడుపు బార్లా పెట్టుకుని పడుకుని ఉంది. దాని మెడ పట్టీలో జమ్మి ఆకు చెక్కి ఉంది. చాలా రోజుల తర్వాత అత్త ముఖంలో నవ్వు చూశాను. పండుగ కదా అనుకున్నాను.

మర్నాడు కుక్క కక్కుకుంది. ఆ తర్వాత నీళ్లు కూడా ముట్టలేదు. వీపు విల్లులా వంచి, కడుపు నేలకు తగలనీయకుండా నిలబడే ఉంది. ముట్టుకుంటే మూలిగింది. డాక్టరు ఫోను కలవలేదు. తెలిసిన ఆటో మాట్లాడుకుని, అత్త పాతచీరలో దాన్ని చుట్టి, నేనూ మా ఆయనా జగిత్యాల పోయాం. అత్త ఆటో వెంట వీధి చివరిదాకా వచ్చింది.

జగిత్యాలలో పశువుల దవాఖానకు తాళం. తాళం పక్కన గోడకు సమ్మె పోస్టరు. నా బడి తలుపుకూ అదే పోస్టరు, స్వయంగా నేనే అంటించాను. ఇక నేను ఎవర్ని తిట్టాలి? డాక్టరు ఇంటి పక్కవాళ్లు, పండుగకని ఆయన సొంతూరు సిరిసిల్ల పోయాడని చెప్పారు. వాళ్ల దగ్గర తీసుకున్న ఇంకో నంబరుకు చేస్తే దొరికాడు. "తీస్కరాన్రి, ఇంట్లనే సూస్త" అన్నాడు.

ఊరు దాటేచోట వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి అన్నం వండుతున్నారు, బండ్లకు అడ్డంగా బల్లలు వేశారు. వేరే రోజైతే గరిటె పట్టుకుని అక్కడే ఉండేదాన్ని నేను. "గిటు పోనియ్యం" అని ఒకతను చేయి అడ్డం పెట్టాడు. పొయ్యి దగ్గరున్న ఒకామె వచ్చి కుక్కకు చుట్టిన చీర తొలగించి చూసి, "జరుగున్రి, పానం మీదికున్నది, మూగజీవికి కూడ బందేనా?" అని అరిచింది. వాళ్లే బల్లలు జరిపారు. ఆమె చెంబుతో ఇచ్చిన నీళ్లు కుక్క తాగలేదు.

వేములవాడ దాటేసరికి దాని ఊపిరి పలచబడింది. సిరిసిల్లలో కరెంటు లేదు. ఎప్పుడూ చెవులు దిబ్బడలు వేసే మగ్గాల చప్పుడు లేక ఊరు ఊరులాగే లేదు. డాక్టరు వరండాలో చాప పరిచి చూశాడు. కడుపు నొక్కితే చెక్కలా ఉంది.

"ఉడికిన బొక్క ఏమన్న తిన్నదా?"

"లేదు సార్. ఒట్టు. పచ్చివే పెట్టిన, నా చేత్తోనే."

ఆయన నన్ను మళ్లీ అడగలేదు. లోపల బొక్క గుచ్చుకుందనీ, విషం ఎక్కిందనీ, కోసి తీయడానికి ఇంట్లో తన దగ్గర ఏమీ లేదనీ చెప్పాడు. నొప్పి తగ్గడానికి సూది వేశాడు. కాసేపటికి అది నా మోకాలి మీద తల పెట్టి పోయింది. మా ఆయన గోడ వైపు తిరిగి ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. తిరుగుదారి పొడుగునా తిట్టాను. సమ్మెను, తాళాలను, ఢిల్లీని, గోడ మీంచి బొక్క విసిరిన మొహం తెలియని పక్కింటివాళ్లను. ఎవరో విసిరే ఉంటారు, లేకపోతే ఎట్లా?

ఇంటికి వచ్చేసరికి అత్త వాకిట్లో కూచుని ఉంది. చీర మూట చూసి లేచి నిలబడింది. పెరట్లో మా ఆయన గుంత తవ్వుతుంటే, పసుపు నీళ్లు తెచ్చి దాని కాళ్లు కడిగింది. కడుగుతూ కడుగుతూ తలెత్తకుండానే మాట్లాడింది.

"మీరిద్దరు నన్ను తిట్టినా మంచిదే, చెప్తున్న. పండుగ నాడు మీరు జమ్మికి పోయినంక మన కూరలకెళ్లి బొక్కలు ఏరిన. కారం దానికి పడదని ఒక్కొక్క బొక్క నీళ్లల్ల కడిగి పెట్టిన. ఎంత మురిసి తిన్నదనుకున్నరు! గా ఒక్క పూటన్న నా బిడ్డ ఇంటి మనిషి లెక్క తిన్నది. గంతే సాలు నాకు."

పార ఆగిపోయింది. "అమ్మా, గా బొక్కలే..." అన్నాడు మా ఆయన. నేను పోయి ఆయన చేయి గట్టిగా పట్టుకున్నాను.

"మంచిగ చేసినవ్ అత్తమ్మా" అన్నాను.

తన చేత్తోనే పోయిందని తెలిస్తే అత్త ఆ చేత్తో మళ్లీ ముద్ద ఎత్తదు. అది నాకు తెలుసు. అందుకే ఇప్పటికీ చెప్పలేదు. ఆమె మాత్రం వచ్చినవాళ్లకూ పోయినవాళ్లకూ చెబుతూనే ఉంది. "మా కోడలు సదువుకున్నది గదా, పచ్చి కూర వెట్టి సంపింది నా బిడ్డను" అని. నేను వాళ్లకు చాయ్ పోస్తూ వింటాను. ఎంత విన్నా అలవాటు కాలేదు. కొన్నిసార్లు చాయ్ గిన్నె నేలకేసి కొట్టి, మొత్తం చెప్పేయాలనిపిస్తుంది. లోపలికి పోయి నిలబడి, మళ్లీ బయటికి వస్తాను.

తెలంగాణ వచ్చిన రాత్రి వీధంతా పటాకులు కాల్చారు. అత్త స్వీటు నోట్లో వేసుకుని, "నా బిడ్డ ఉంటే గీ సప్పుళ్లకు మంచం కింద దూరేది" అని ఏడ్చింది.

మళ్లీ మేము కుక్కను తేలేదు. కానీ ప్రతి దసరాకు అత్త కూరలోంచి బొక్కలు ఏరుతుంది. కుళాయి కింద కూచుని ఒక్కొక్కదాన్నే వేళ్లతో రుద్ది కారం పోగొడుతుంది. ఆకులో పెట్టి, వీధి కుక్కల కోసమని గేటు బయట పెట్టి వస్తుంది. ఆమె లోపలికి వచ్చి మంచమెక్కగానే నేను చెత్త పడేసే వంకతో బయటికి పోతాను. అప్పటికే కుక్కలు వాసన పట్టి వస్తుంటాయి. వాటిని అదిలించి, మట్టిలో పడ్డవి కూడా వదలకుండా ఏరుకుంటాను. కుక్కల నోటికాడి బొక్కలు గుంజుకునే టీచరమ్మని ఎదురింటివాళ్లు నన్ను చూసి నవ్వుకుంటారు.

మొన్న దసరాకు కూడా ఏరి, కవర్లో వేసి, వెనక్కి దాచుకుని లోపలికి వచ్చాను. మంచం మీంచి అత్త అడిగింది.

"తిన్నయా?"

"తిన్నయ్ అత్తమ్మా" అన్నాను. "అన్నీ తిన్నయ్."