మేస్త్రి గారు రెండుసార్లు లెక్కపెట్టిన సందు

పోయిన శుక్రవారం ఉదయం నేను మా పేపరు వార్త కోసం గంపలగూడెంలో పత్తి రైతులతో మాట్లాడుతుండగా ఇంటి నుంచి ఫోను వచ్చింది. మా పక్కింటి తాపీ మేస్త్రి గారు చనిపోయారు. గుండెపోటు. వయసు డెబ్భై దాటింది. తిరువూరులో మా వీధి ఇళ్ళలో సగానికి పైగా ఆయన కట్టినవే. మాది కూడా.

ఇల్లు కట్టించుకునేవాళ్ళతో ఆయనకు గొడవ వస్తే అది సందు గురించే. పునాదికి ముగ్గు పోశాక చేతిలో సిమెంటు తట్ట పట్టుకుని, ముగ్గుకూ పక్కింటి గోడకూ మధ్య నడిచి చూసేవారు. మోచెయ్యి గోడకు తగిలినా, కాలు ముగ్గు తొక్కినా చెరిపి మళ్ళీ పోయించేవారు.

"రేపు పెచ్చులూడితే నేనెక్కడ నిలబడి పూయాలండీ? మీ పడగ్గదిలోంచా?" అని మా నాన్నను అడిగారు. నాన్న ముగ్గు వెనక్కి జరపమన్నారు.

అందరి ఇళ్ళూ అయ్యాక మా పక్క స్థలంలో సొంత ఇల్లు మొదలుపెట్టారు. ఆయన భార్య అప్పటిదాకా అద్దె ఇళ్ళ వరండాల్లోనే వండారు. ఆమె కోసం మా వైపు వంటిల్లు కట్టారు.

గోడలు లేచాక మున్సిపల్ ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. ఇంటికి రెండు పక్కలా వదలాల్సిన ఖాళీని సొంత స్థలం సరిహద్దు రాయి నుంచి కొలవాలి. ఆయన అలవాటు కొద్దీ మా గోడ నుంచి కొలిచారు. మా ఇంటికి వదిలించిన సందునే తన లెక్కలోనూ వేసుకున్నారు. ఆయన గోడ సరిహద్దుకు జానెడు దూరంలో ఉంది. వెనక్కి జరిపితే వంటిల్లు మిగలదు.

"ఆ సందు నేను వదిలిందే కదా బాబూ," అన్నారు నాతో.

"వదిలింది మీరే. స్థలం మాది మేస్త్రి గారూ."

ఆయన వంగి రాయికీ తన గోడకూ మధ్య జాన పెట్టి చూశారు. "తప్పే. పేపర్లో మాత్రం రాయకండి. మేస్త్రికే నోటీసొచ్చిందని ఎ.కొండూరు దాకా నవ్వుతారు."

లోపల్నుంచి ఆయన భార్య అందుకున్నారు. "రాయండి బాబూ! ఊరందరికీ కొలతలు చెప్పి నా పొయ్యికే చోటు లేకుండా చేశారని రాయండి."

నేను రాయలేదు. ఆఫీసులో పైవాళ్ళకు ఎవరితోనైనా చెప్పిద్దామని కొందరు అన్నారు. ఆయన ఒప్పుకోలేదు. ఎండలు తగ్గాక ఆ గోడ తానే కొడతానని, ఇంకొకరి చేత కొట్టించనని చెప్పారు.

ఎండలు తగ్గకముందే నిబంధన మారింది. చిన్న స్థలాల్లో రెండు పక్కలా అక్కర్లేదు, ఒక పక్క ఖాళీ వదిలితే చాలన్నారు. ఉత్తర్వు కాపీ తీసుకెళ్ళి చదివి వినిపించాను. మళ్ళీ చదవమన్నారు. మూడోసారీ చదివాను.

"మా స్థలం చిన్నదాంట్లోకే వస్తుందిగా?"

"వస్తుంది."

"చిన్న స్థలమని మొదటిసారి సంతోషమేస్తోంది బాబూ."

ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి అవతలి పక్క కొలిచారు. టేపు కొసను మేస్త్రి గారే సరిహద్దు రాయి మీద నొక్కి పట్టుకున్నారు. కొలత సరిపోయింది. నోటీసు రద్దయినట్టు కాగితం చేతికొచ్చాకే వంటింటికి రంగు వేశారు.

ఆ తర్వాత వీధిలో ఇద్దరు ముగ్గురు తమ సందులు ఇళ్ళలో కలిపేసుకుంటామని ఆయన దగ్గరికి వచ్చారు. ఇద్దరి మధ్యా సందు లేకుండా చేసే పని తాను పట్టనన్నారు. "రూలు మారిందండీ. పెచ్చులూడటం మారలేదు," అని పంపేశారు.

ఆ వంటింట్లో ఆయన భార్య ఒక వానాకాలం, ఒక చలికాలం వండారు. ఆయన తిన్నారు. తన చేత్తో కట్టిన గోడను తన చేత్తో కొట్టాల్సిన అవసరం రాకుండానే వెళ్ళారు. బాధ ఉంది. దాని కంటే ఈ ఊరటే ఎక్కువ.

మూడు రోజులు వాళ్ళింట్లో పొయ్యి వెలిగించలేదు. అది వాళ్ళ ఆనవాయితీ. వీధిలోవాళ్ళం వంతులు వేసుకుని భోజనం పంపాం. నాలుగో రోజు పొద్దున వంటింటి కిటికీ తెరుచుకుంది. పోపు వేసిన చప్పుడు వినిపించింది. కాసేపటికి ఆవిరి కిటికీలోంచి బయటికి వచ్చి, మా గోడను తాకి, మెల్లగా పైకి వెళ్ళింది.