కొత్తది కొనని డెల్మర్

డెల్మర్ హాచ్‌కిస్ డెబ్బైతొమ్మిదేళ్ల జీవితంలో కొత్త రివాల్వరు కొన్న పాపాన పోలేదు. ఎవరో వాడి, అరగదీసి, వదిలించుకున్నదే కావాలి. దాన్ని ఇంటికి తీసుకెళ్లి విప్పి, రుద్ది, పిడి మార్చి, మనిషిని చెయ్యాలి. ఇది పొదుపని పాస్టరు ఓ ఆదివారం చర్చిలో మెచ్చుకున్నాడు. పొదుపూ లేదు, పాడూ లేదు. ఆ మరమ్మతుల ఖర్చుకి కొత్తవి రెండొస్తాయి.

ఈ పీడంతా లవాన్ ట్రిప్‌లెట్‌కి. వయోమింగ్‌లో ఆ చిన్న ఊరికున్న ఒకే ఒక్క తుపాకుల కొట్టు ఆమెది. అరవై ఆరేళ్లు. ఊరి షూటింగ్ క్లబ్బులో తుపాకీతో ఇనుప పలకలు కొట్టే పోటీలో పదకొండేళ్లు వరసగా ఆడవాళ్లలో మొదటిది. ఈ ఏడాది కీళ్లవాతం వేళ్లకెక్కింది. ట్రిగ్గరు నొక్కితే నొప్పి మోచేతిదాకా పాకుతోంది. జూన్ పోటీకి రానని క్లబ్బులో చెప్పేసింది. కారణం మాత్రం చెప్పలేదు. తుపాకులమ్ముకునే మనిషి, ట్రిగ్గరు నొక్కలేనని ఏ మొహం పెట్టుకుని చెబుతుంది?

"పిల్లా, ఆ మూలది తియ్యి," అన్నాడు డెల్మర్.

"అదా? పోలీసులు పాతికేళ్లు మోసి వదిలేసింది. ఒరలో రాసుకుని రాసుకుని రంగంతా పోయింది. పక్కన కొత్తది మెరుస్తుంటే కనబడదా?"

"కొత్త రివాల్వరు కొత్త అల్లుడిలాంటిది. బిగుసుకు కూర్చుంటుంది. పాతది లోపల అరిగి మెత్తబడుతుంది."

ఖాళీగా ఉందని చూసుకుని, తూటాల చక్రం తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని టిక్కుటిక్కులు విన్నాడు. "పైన తోలు ఊడినా ఎముకలు గట్టివే," అని తన గురించే చెప్పుకున్నట్టు మురిసిపోయాడు.

దాన్నే కొనుక్కుపోయాడు. అక్కణ్ణుంచి ప్రతి మంగళవారం దాంతో హాజరు.

"ట్రిగ్గరు నొక్కి చూడు పిల్లా. నావి తోలు వేళ్లు, ఏమీ తెలీదు."

"బరువు."

వెళ్లి స్ప్రింగు మార్చుకొచ్చాడు. "ఇప్పుడు?"

"ఇంకా బరువే."

"ఏ వేలికి?"

"చూపుడువేలికి! ముక్కుతో నొక్కుతారా ఎవరైనా?"

ఇలా ఆరు మంగళవారాలు. ఏడోసారి వాల్‌నట్ చెక్కతో పిడి చెక్కి తెచ్చాడు. లవాన్ పగలబడి నవ్వింది. "ఏమయ్యా, నీ చెయ్యి ఎలుగుబంటి పంజా. ఇందులో నీ వేళ్లు రెండైనా పడతాయా? కొలత తప్పి మంచి చెక్క పాడుచేశావు!"

"పట్టుకుని తిట్టు."

పట్టుకుంది. వాచిన కణుపు ఎక్కడుందో, సరిగ్గా అక్కడ చెక్కలో చిన్న పల్లం. ట్రిగ్గరు వెన్నలోకి చెంచా దిగినట్టు దిగింది. మళ్లీ నొక్కింది. మళ్లీ. నొప్పి లేదు.

"నీకెవరు చెప్పారు?"

"తూటాల పెట్టె మూత పళ్లతో తీశావు మొన్న చలికాలంలో. చూశాను."

"నేరుగా అడగొచ్చుగా!"

"అడిగితే 'నాకేం, రాయిలా ఉన్నా' అంటావు."

లవాన్ ఆ పల్లాన్ని మరోసారి వేలితో తడిమింది. తర్వాత గొణిగింది. "పోటీకి రానని చెప్పేశానే."

"వెళ్లి, వస్తున్నానని చెప్పు. వాతం కాళ్లకి రాలేదుగా?"

జూన్‌లో ఆరు పలకలకి ఐదు పడ్డాయి. పదకొండేళ్ల తర్వాత మొదటిసారి రెండో స్థానం.

"ఆరోదానికేం రోగం?" వెనకనుంచి డెల్మర్ సణిగాడు.

"దాన్ని వచ్చే ఏడాదికి ఉంచాను. ఈలోగా ఈ పిడి బొటనవేలి దగ్గర కాస్త సన్నం చెయ్యి."

ముసలాడు అప్పటికే జేబులోంచి ఉప్పుకాగితం తీశాడు.