ప్రయాణం పడని మనిషి

మా అక్కకి ప్రయాణం పడదు. మా ఇంట్లో ఇది ఎప్పుడో తేలిపోయిన సంగతి, మళ్ళీ ఎవరూ పరీక్ష చేయించలేదు. నలభై ఎనిమిదేళ్ళు వచ్చినా కాళ్ళు తీసుకెళ్ళినంత దూరమే వెళ్ళింది. ముందు గదిలో కుట్టుమిషను, గోడకి ఆనించి కటింగు బల్ల, మెడలో టేపు, అదే ఆమె లోకం. సుద్దగీత లేకుండా గుడ్డ మీద కత్తెర నడిపిస్తుంది, పేలిక వృథా కానివ్వదు. కొలతలివ్వడానికి జనమే ఆమె దగ్గరికి వస్తారు.

ఇంట్లో ఆమెకి 'కవరు' అని ముద్దుపేరు. ఆ పేరు పెట్టిన ఘనుణ్ణి నేనే. ఎందుకు పెట్టానో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది గానీ, చెప్పకపోతే ఈ కథ లేదు.

చిన్నప్పుడు ప్రతి క్రిస్మస్‌కీ నాన్న మమ్మల్ని పాత కారులో అత్తయ్య వాళ్ళింటికి తీసుకెళ్ళేవాడు. అయిదు గంటల దారి. ముందు సీట్లో అమ్మ ఒళ్ళో నేను, వెనక అక్క, ఆమె పక్కన బట్టల పెట్టె. చల్లగాలి తగిలితే నాకు చెవిపోటు వచ్చేది. వచ్చిందంటే ఇల్లు పీకి పందిరేసేవాణ్ణి. అందుకని నాలుగు అద్దాలూ ఎత్తేసేవారు. నాన్న ఒక చేయి స్టీరింగు మీద, ఇంకో చేతిలో సిగరెట్టు. అది తప్పని ఆ రోజుల్లో ఎవరికీ తోచలేదు. మా డాక్టరే సిగరెట్టు నోట్లో పెట్టుకుని నాడి చూసేవాడు.

గంట గడిచేసరికి అక్క ముఖం పాలిపోయేది. ఆపు నాన్నా అనేది. మా నాన్నలాంటి నాన్న ఉండడు, ఆ మాట ముందే చెప్తున్నాను. విసుక్కునేవాడు కాదు. కారాపి పరుగున వెళ్ళి, అక్కని రోడ్డు పక్కకి దింపి, వాంతి అయ్యేదాకా అరచేత్తో నుదురు పట్టుకుని నిలబడేవాడు. కూతురి అవస్థ చూసి కంగారు పుట్టి, కారెక్కగానే ఇంకో సిగరెట్టు వెలిగించేవాడు.

చేయని వైద్యం లేదు. నిమ్మకాయ వాసన చూపించారు, పొట్టకి న్యూస్‌పేపరు చుట్టారు, ముందురోజు నుంచీ పస్తు పెట్టారు. పన్నెండో ఏట అక్క కారులో సొమ్మసిల్లిపోయింది. నాన్న సగం దారిలో బండి వెనక్కి తిప్పేసి, పిల్ల ప్రాణం కంటే పండగ ఎక్కువా, ఇక ఎక్కడికీ వెళ్ళొద్దన్నాడు. ప్రయాణం పోయిందన్న ఉక్రోషంతో, వాంతికని దాని చేతిలో పెట్టే కవరు చూపించి, ఆ రోజే నేను దాన్ని కవరూ అని పిలిచాను. ఆ పేరు అలాగే అతుక్కుపోయింది. అప్పట్నుంచి నాన్న క్రిస్మస్‌కి తన చెల్లెలి ముఖం చూడలేదు. అది తన వల్లేనని అక్క ఒకసారి నాతో అంది, మిషను తొక్కడం ఆపకుండానే.

ఇరవై రెండేళ్ళప్పుడు దానికి కుట్టు నేర్పిన టీచరమ్మ దూరపు ఊళ్ళో శిక్షణ కేంద్రంలో కటింగు నేర్పే ఉద్యోగం చూపించింది. అక్క బస్సెక్కింది. ముందు సీట్ల వాళ్ళు గుప్పుగుప్పున పొగ వదులుతున్నారట. మూడో స్టాపులో దిగి, ఎండలో నడుచుకుంటూ ఇంటికొచ్చేసింది. ప్రయాణం పడదని ముందే చెప్పాం కదా అన్నాం అందరం.

మళ్ళీ ఈ ఏడు, ఆ టీచరమ్మ మాట మీద, అదే కేంద్రం నుంచి ఉత్తరం వచ్చింది. వయసు యాభై లోపు ఉండాలి, వచ్చి పిల్లల చొక్కా ఒకటి కత్తిరించి చూపించాలి, ఎంపికైతే ఉండటానికి గది ఇస్తారు. ఇలాంటి అవకాశం ఇంక రాదని దానికీ తెలుసు, నాకూ తెలుసు. మూడు రోజులు ఆ ఉత్తరాన్ని మిషను సొరుగులోంచి తీస్తూ పెడుతూ గడిపి, నాలుగో రోజు నన్ను తోడు రమ్మంది.

సరిగ్గా ఆ నెలలోనే బస్సుల్లో, హోటళ్ళలో, ఆఫీసుల్లో పొగ తాగకూడదని నిషేధం వచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నేనూ నాన్న కొడుకునే, రోజుకో పెట్టె కావాలి. ఇంట్లోనైతే ఇద్దరం వసారా గాలిలోనే కాలుస్తాం. మా ఊపిరితిత్తులు మా ఇష్టం, మధ్యలో వీళ్ళెవరని టీ కొట్టు దగ్గర ఉపన్యాసాలు దంచాను. ఆ మంటతోనే బస్సెక్కాను. అక్క చేతిసంచిలో రెండు నిమ్మకాయలు, ఆరు కవర్లు, ఒక తువ్వాలు.

అది కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చుంది. గంటయింది, ఏమీ కాలేదు. రెండు గంటలకి కళ్ళు తెరిచి కిటికీలోంచి చూడటం మొదలుపెట్టింది. ఇంకాసేపటికి ఆకలేస్తోందిరా అంది. ఉలిక్కిపడ్డాను. నా బిస్కెట్ల ప్యాకెట్టు మొత్తం తిని, ఇంకేమైనా ఉందా అని అడిగింది.

బస్సు పది నిమిషాలు ఆపారు. నేను ఒక్క ఉదుటున దిగి, షెడ్డు వెనక్కి పోయి, వరసగా రెండు సిగరెట్లు కాల్చాను. అందరూ ఎక్కేస్తున్నారని ఆఖరి దమ్ము లాగి పరిగెత్తుకొచ్చాను. పక్కన కూలబడి, ఎలా ఉందే అని దాని ముఖం మీదకి వంగి అడిగాను.

అక్క ముఖం తెల్లబడింది. చెయ్యి కవరు కోసం తడుముకుంది.

ఇంకా డ్రైవరు ఎక్కనేలేదు. ఇంజను స్టార్టు కాలేదు. అక్క నోరు తుడుచుకుని నావైపు చూసింది, నా చొక్కా జేబులో సిగరెట్టు పెట్టెవైపు చూసింది.

"బస్సు ఆగే ఉంది కదరా" అంది.

ముప్పై ఆరేళ్ళు. ఆ మూసిన కారు, ఆ పొగ, నా పాడు చెవి, అన్నీ ఒక్కసారే కళ్ళ ముందుకొచ్చాయి. అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లేచి దూరంగా నిలబడమంది. నీళ్ళ సీసాతో ముఖం కడుక్కుని, మిగిలిన గంటన్నరా వెనక తలుపు దగ్గర నిలబడ్డాను. అక్కడే ఉండి, పరీక్షలో కత్తెర పట్టినప్పుడు దాని చేతులు వణక్కుండా ఉంటే చాలు దేవుడా అని మొక్కుకున్నాను.

వణకలేదు. పరీక్ష పెట్టినాయన అక్క కత్తిరించిన చొక్కా ముక్కల్ని పక్కనపెట్టి, ముందు బల్ల మీద మిగిలిన పేలికల్ని ఏరాడు. అన్నీ ఆయన గుప్పెట్లో పట్టేశాయి. వచ్చే నెల ఒకటో తారీకున చేరమన్నాడు.

తిరుగు ప్రయాణంలోనూ నేను వెనకే నిలబడ్డాను. నాన్న మీద కోపం, నా మీద అంతకు రెట్టింపు. ఇంటికెళ్ళగానే ఉన్నదున్నట్టు ముఖం మీదే చెప్పేద్దామనుకున్నాను.

నాన్నకి ఎనభై దగ్గర పడ్డాయి. అమ్మ పోయాక ఆయన కుర్చీ వసారాలోనే. మమ్మల్ని చూసి, వెలిగించబోతున్న సిగరెట్టు ఆపి, ప్రయాణం పడిందా అమ్మా అని ఆత్రంగా అడిగాడు. నేను నోరు తెరిచాను. అక్క నా కాలు గట్టిగా తొక్కింది.

"పడింది నాన్నా. ఉద్యోగం కూడా వచ్చింది" అంది. స్టూలు లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. "ఈ క్రిస్మస్‌కి మనం ముగ్గురం అత్తయ్య దగ్గరికి వెళ్దాం. బస్సులో."

నాన్న ముఖం వెలిగిపోయింది. అంతలోనే అనుమానం వచ్చింది. "బస్సులో కాల్చనివ్వరట కదా" అన్నాడు.

"అవును నాన్నా. కాల్చనివ్వరు."

అంతకు మించి అది ఒక్క ముక్క చెప్పలేదు. నాన్న దాని ముఖంలోకి చూశాడు, చేతిలో సిగరెట్టు చూసుకున్నాడు, మళ్ళీ దాని ముఖంలోకి చూశాడు.

"చలి అని అద్దాలు ఎత్తేసేవాళ్ళం" అన్నాడు చివరికి.

"చలిగానే ఉండేది నాన్నా" అంది అక్క. "నువ్వు దిగొచ్చి నా నుదురు పట్టుకునేవాడివి. నాకు అదే గుర్తు."

నాన్న సిగరెట్టుని పెట్టెలో దూర్చబోయాడు. అది అంచుకి తగిలి వంగిపోయింది. అక్క అందుకుని, పెట్టెలో పెట్టి మూసింది. ఆయన భుజం మీది తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని, బస్సు ఎన్నింటికని అడిగాడు.