మలేషియాకు రెండు మార్కులు

ఏడేళ్లుగా ఈ మాట నా గొంతులోనే ఉండిపోయింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

కోయంబత్తూరులో పిల్లలకు పాట నేర్పుతాను. మాది తరతరాలుగా ఇక్కడే బట్టల కొట్టు నడుపుకునే తెలుగు కుటుంబం. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది తమిళం. ఒక టీవీ చానల్ వాళ్లు నానా దేశాల తెలుగువాళ్లకు పాటల పోటీ పెట్టి, ఫైనల్ మా ఊళ్లో జరిపారు. ఒక్కో ప్రాంతం నుంచి ఒక్కో జడ్జి. మా వైపు నుంచి నన్ను కూర్చోబెట్టారు. ఎంత పొంగిపోయానో! కొత్త పట్టుచీర కట్టుకుని, ఆంధ్రా, తెలంగాణల నుంచి వచ్చిన పెద్దల పక్కన కూర్చున్నాను.

పొద్దున రిహార్సల్‌లో మలేషియా అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. అక్కడ రబ్బరు గ్లౌజుల ఫ్యాక్టరీలో పని. గెలిస్తే ఆ పని మానేసి పాటనే నమ్ముకుంటానంది. చేతిలో కాగితం చూపించి, తనకు తెలుగు అక్షరాలు రావనీ, పాటంతా తమిళ లిపిలో రాసుకున్నాననీ నవ్వుతూ చెప్పింది. నాకూ రావని అనలేకపోయాను. పరవాలేదులే అన్నాను, పెద్ద చదువరిలా.

పోటీలో ఆమె నాలుగోది. అందరికంటే బాగా పాడింది. అందరూ పాడాక మార్కుల కాగితం ఇచ్చారు. దేశాల పేర్లన్నీ తెలుగులో ఉన్నాయి. పక్కనున్న పెద్దాయనను అడిగితే ఏమయ్యేది? నవ్వేవాడా? నవ్వితే నవ్వేవాడు. కానీ తెలుగు పోటీకి జడ్జిగా వచ్చి తెలుగు చదవడం రాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. పాడిన వరుసలోనే పేర్లు ఉంటాయిలే అనుకుని, మూడో గడిలో రెండు, నాలుగో గడిలో పదికి పది వేశాను.

వేదిక మీద నా మార్కులు చదివారు. మారిషస్‌కు పది. మలేషియాకు రెండు. కాగితంలో పేర్లు పాడిన వరుసలో లేవు. కెమెరా నా మీదికి తిరిగింది. అప్పుడు లేచి, ఆగండి, పొరపాటు జరిగింది అంటే సరిపోయేది. నేను కెమెరాకేసి నవ్వాను. ఆమె మూడు మార్కుల తేడాతో ఓడిపోయింది.

ఇంతవరకూ పిరికితనం. దీని తర్వాత చేసినదాన్ని ఏమనాలో నాకు తెలియదు.

హాలు బయట ఆమె నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ముఖంలో కోపం లేదు.

"ఎక్కడ తప్పినాను అక్కా? చెప్పండి, సరి చేసుకుంటా."

"శ్రుతి రవ్వంత దిగిపోయినాది మా."

"అప్పిడియా, అట్లనా అక్కా? నాకు తెలియనే లేదు సూడండి."

నా చెయ్యి పట్టుకుని థాంక్స్ చెప్పి, నా ఫోన్ నంబరు తీసుకుని వెళ్లింది.

ఎందుకలా అన్నాను? అక్షరం రాదని ఒప్పుకోవడం కంటే, వెంట్రుకవాసి కూడా శ్రుతి తప్పని గొంతును పట్టుకుని తప్పిందనడం నాకు అంత సులువైపోయిందా? నేను పాట చెప్పే మనిషిని. నా మాట ఆమె నమ్ముతుందని తెలిసే అన్నాను.

ఏడాది తర్వాత ఫోన్లో వాయిస్ మెసేజ్ పెట్టింది. ఇంకా ఫ్యాక్టరీలోనే ఉందట. ఒక్కతే పాడటం మానేసిందట. గుడి భజనలో పదిమందితో గొంతు కలుపుతుందట, అదీ మెల్లగా, శ్రుతి తప్పినా ఎవరికీ వినిపించకుండా. మీరు చెప్పబట్టే తెలిసిందక్కా అంది. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా జవాబు ఇవ్వలేదు.

ఆ తర్వాత పిల్లల వాచకం ఒకటి తెప్పించుకుని, తలుపు వేసుకుని, తెలుగు అక్షరాలు దిద్దాను. అదే ప్రాయశ్చిత్తం అనుకున్నాను. నేను అక్షరాలు దిద్దితే ఆమెకు ఒరిగిందేమిటి?

ఆమె శ్రుతి తప్పలేదు. ఈ ఒక్క ముక్క రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. రాశాక గుండె కాస్త తేలికపడింది, కాదనను.

తమిళంలో రాసి ఉంటే ఆమె చదువుకునేది. ఆ సంగతి తెలిసే తెలుగులో రాశాను. అదీ ఒప్పుకుంటున్నాను.