ఫ్రేముకు అడ్డమొచ్చిన కంప

మూఢం వచ్చింది, ముహూర్తాలు లేవు. కరీంనగర్‌లో పాతికేళ్ళుగా పెళ్ళి ఫోటోలు తీసి బతుకుతున్నవాడికి ఏడాదిలో దొరికే సెలవులు అవే. మా ఆవిడ పుట్టింటి మాట ఎత్తకముందే పొడుగు లెన్సు సంచిలో సర్దుకుని, జన్నారం అడవిలో పిట్టలు చూడటానికి బయల్దేరాను. పెళ్ళికూతుళ్ళు నవ్వమంటే నవ్వుతారు, పిట్టలు నా మాట వినవు. అందుకే రెండేళ్ళుగా ఈ పిచ్చి పట్టింది.

ఉదయం ఐదూ నలభైకి బస్టాండులో మంచిర్యాల ఎక్స్‌ప్రెస్. చొప్పదండి, ధర్మారం దాటి రాయపట్నం వంతెన ఎక్కేసరికి ఏడున్నర అయింది. ఏప్రిల్ కదా, గోదావరిలో నీళ్ళకన్నా ఇసుకే ఎక్కువ కనిపించింది. పక్క సీట్లో నస్పూర్ బొగ్గుబాయిలో పనిచేసే పెద్దమనిషి నా మెడలోని బైనాక్యులర్స్ కేసి చూసి, "గిదేంది సార్?" అని అడిగాడు. దూరపు పిట్టల్ని దగ్గరగా చూపిస్తుందన్నాను. "మాకు బాయిల దిగితె పక్కన మనిషే కానరాడు. మీదే మంచి పని" అని నవ్వాడు. ఆ మాటకు నేను కాస్త పొంగిపోయాను కూడా.

లక్షెట్టిపేటలో దిగి, బస్టాండు ఎదురుగా వేడి వేడి పూరీలు తిని, జన్నారం బస్సు పట్టుకున్నాను. తొమ్మిదిన్నరకల్లా చేరాను. గది ముందే ఫోన్‌లో చెప్పుకున్నాను. ఫ్యాను తిరుగుతుంది, నీళ్ళు వస్తాయి, అంతకన్నా అక్కడ ఆశించకూడదు. ఎండ దిగేదాకా పడుకుని, నాలుగింటికి ఆటోలో అడవి అంచుదాకా వెళ్ళాను. అక్కడి నుంచి తుంగకుంటకు రెండు కిలోమీటర్లు నడక.

పిట్టలు చూపించే మనిషి పేరు భీంబాయి. నలభై ఏళ్ళుంటాయి. మెత్తగా నడుస్తుంది, తక్కువ మాట్లాడుతుంది. కుంట సగం ఎండి, నడుమ మాత్రం నీళ్ళున్నాయి. అంచున నాలుగు నారాయణ పక్షులు, బురదలో ఉల్లంకులు, దూరంగా ఒక ఎర్రకాళ్ళ కొంగ. గంటలో ఇరవై రకాలు రాసుకున్నాను. ఒకచోట ఆమె చెయ్యి అడ్డం పెట్టి నన్ను ఆపింది.

"టిటవి గూడు సార్. జర చూసి నడువుండ్రి."

మేము తీతువు అంటాం. మా అవ్వ దాని కూత వింటే చావు కబురు వస్తుందని తలుపు వేసేది. ఆదిలాబాదు వైపు మరాఠీ పేరుతో పిలుస్తారు, ఎవరూ భయపడరు. గూడంటే గూడేమీ లేదు. ఉత్త నేల మీద గులకరాళ్ళ నడుమ నాలుగు మచ్చల గుడ్లు. చుట్టూ గుండ్రంగా తుమ్మ కంప, పిట్ట దూరేంత సందు వదిలి.

"బర్రెలు నీళ్ళకు ఇటే దిగుతయ్. అందుకే కంప వెట్టిన. ముందటి గుడ్లు కుక్కలు తిన్నయ్. ఇవి పెట్టి ఇర్వై దినాలాయె, ఇగ వారమైతె పిల్లలైతయ్. గీడికెల్లే తీయుండ్రి, దగ్గరికి పోకుండ్రి."

చెప్పి, గుల్లకొంగలు వాలాయేమో చూసొస్తానని గట్టు అవతలికి వెళ్ళింది. నేను లెన్సులోంచి చూశాను. సాయంత్రపు వెలుగు గుడ్ల మీద సరిగ్గా పడుతోంది. కానీ ఒక కంప కొమ్మ ఫ్రేముకు అడ్డం. పెళ్ళి పందిట్లో కొబ్బరికాయల బుట్టనైనా, పెళ్ళికొడుకు మేనమామనైనా పక్కకు జరిపి ఫోటో తీసే చెయ్యి ఇది. జరిపినవి మళ్ళీ వాటి చోట పెట్టే పని మాది కాదు, వెనక ఎవరో ఒకరు పెడతారు. కర్రతో కంప నెట్టేశాను. పిట్టలు రెండూ నెత్తి మీద తిరుగుతూ అరిచాయి. నలభై ఫోటోలు తీశాను.

"ఓ సార్! గుల్లకొంగలు వచ్చినయ్, దబ్బున రాండ్రి!"

పరుగెత్తాను. కంప సంగతి మళ్ళీ గుర్తు రాలేదు. పొద్దుపోయేదాకా కొంగలు చూసి, అటు నుంచి అటే గదికి పోయాను. ఆ రాత్రి ఎంత హాయిగా నిద్రపోయానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మర్నాడు ఆరున్నరకు కుంటకు వెళ్ళేసరికి భీంబాయి కిందికి చూస్తూ నిలబడి ఉంది. గూడున్న చోట గిట్టల అచ్చులు, మట్టిలో కలిసిన పెంకులు, పసుపుపచ్చ తడి. పిట్టలు కొంచెం దూరంలో నేల మీద నిలబడి ఉన్నాయి. అరవడం లేదు. ఆమె ఎదుట బర్రెలు కాసే లింగయ్య, తలపాగా చేతిలో పట్టుకుని.

"కంప వెట్టిన్నని నీకు ఎర్క లేదా? ఎన్నిసార్లు చెప్పాలె?"

"ఎర్కే బిడ్డా. గా సూడి బర్రె జర ముందుకురికింది. కంప మీదికెల్లి ఎట్ల పోయిందో సమజైతలేదు."

నాకు సమజైంది. తేలు కుట్టిన దొంగలా లెన్సు తుడుచుకుంటూ నిలబడ్డాను. లింగయ్య "ఇగ గీ దిక్కు తోలుకరాను" అంటూ బర్రెల వెనక వెళ్ళిపోయాడు. తర్వాత రెండు గంటల్లో భీంబాయి ఏ పిట్టలు చూపించిందో నా పుస్తకంలో ఒక్క పేరూ లేదు.

పదకొండున్నర కరీంనగర్ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. కదలబోతుండగా లింగయ్య ఎక్కి, నన్ను గుర్తుపట్టి, పక్కనే కూర్చున్నాడు. లక్షెట్టిపేటకు తౌడు కొనడానికి పోతున్నాడట.

"పొద్దుగాల గా సూడి బర్రెను కొట్టిన సారు. ఎన్నడు కొట్టలే. మనసున వడ్తలేదు. జర తౌడన్న పెడ్దామని."

అప్పుడు చెప్పాను. కంప తీసింది నేనేనని, ఫోటో కోసమని, మళ్ళీ పెట్టడం మరిచిపోయానని, పొద్దున ఇద్దరి ముందూ నోరు మూసుకున్నానని. ముందు సీటువాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. చూడనీ అనుకున్నాను.

లింగయ్య తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"అయితె దాని తప్పు లేకుండె" అన్నాడు. "కొడ్తాంటె నా దిక్కు చూసింది సారు."

బస్సు దండేపల్లి దాటింది. "భీంబాయికి మీరు చెప్తరా, నన్ను చెప్పుమంటరా?" అని అడిగాడు. అతని ఎదుటే ఫోన్ చేశాను. అంతా చెప్పాను.

"లింగయ్య కాకను ఉత్తగనే తిట్టిన" అంది. తర్వాత, "ఫోటో మంచిగ వచ్చిందా సార్?" అని అడిగింది.

ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది. ఫోటో చాలా బాగా వచ్చింది. నా జన్మలో అంత మంచి పిట్టల ఫోటో తీయలేదు. "వచ్చింది" అనడానికి నోరు రాక ఫోన్ పెట్టేశాను. లక్షెట్టిపేటలో లింగయ్య దిగాడు. ఈ వైపు మనుషులు ఎవరైనా "పోయొస్త" అనకుండా దిగరు. అతను అనలేదు.

మూడింటికి కరీంనగర్ చేరాను. తుంగకుంట చూడదగ్గ చోటు, తప్పకుండా వెళ్ళండి. నీళ్ళ సీసా, టోపీ మరవకండి. నేల మీద కంప కనిపిస్తే చుట్టూ తిరిగి నడవండి. భీంబాయి అన్నీ ఓపిగ్గా చూపిస్తుంది. నేను పంపానని మాత్రం ఆమెతో అనకండి.